కంప్యూటరు లెక్కలకు నకలు: తీస్తే చాలదు, తెరిచి చూడాలి

తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది నగదు పుస్తకం. తరువాత పాల సేకరణ రిజిష్టరు, సభ్యుల ఖాతాలు, సరుకు నిల్వలు. ఇప్పుడు చాలా సంఘాలలో రిజిష్టరు స్థానంలో కంప్యూటరు వచ్చింది. పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, సభ్యునికి చెల్లించవలసిన మొత్తం అన్నీ అందులోనే ఎక్కుతున్నాయి. అందుచేత తనిఖీలో మరొక ప్రశ్న చేరింది: "కంప్యూటరు లెక్కలకు నకలు తీస్తున్నారా?" ఈ ప్రశ్నకు "అవును" అని వ్రాసుకొని రావడంలో మేము చేసిన ఒక పొరపాటును, దానివల్ల నేర్చుకొన్న సంగతులను కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక సంఘంలో జరిగినది

ఆ సంఘం పేరుతో పని లేదు. సుమారు 120 మంది పాలు పోసే సంఘం. కార్యదర్శి నెమ్మదస్తుడు, ఒక్క పూట కూడా మానని మనిషి. ప్రతి సాయంత్రం సేకరణ ముగిశాక పెన్ డ్రైవు తగిలించి నకలు తీసేవాడు. తేదీ వేసి పుస్తకంలో సంతకం చేసేవాడు. మేము ఆ పుస్తకం చూచాము, పెన్ డ్రైవు చూచాము. "నకలు క్రమం తప్పక తీయబడుచున్నది" అని వ్రాసి వచ్చాము.

ఒక గాలివాన రాత్రి పిడుగు దెబ్బకు కంప్యూటరు కాలిపోయింది. కొత్తది తెచ్చి ప్రోగ్రాం వేయించారు. పెన్ డ్రైవు తగిలించి చూస్తే అందులో ఉన్నది తెర మీద కనిపించే ప్రోగ్రాం బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మ లెక్క కాదు. లెక్క ఎక్కడ ఉన్నదో చూపే గుర్తు మాత్రమే. ఇంటి చిరునామా వ్రాసిన చీటీని పెట్టెలో దాచి, ఇల్లు భద్రంగా ఉన్నదనుకొన్నట్లయింది. నెలల తరబడి ప్రతి సాయంత్రం ఆయన ఆ చీటీనే నకలు తీశాడు.

అప్పటికి బోనసు లెక్క కట్టవలసి ఉన్నది. సంఘం మొత్తం ఎన్ని పాలు పంపిందో యూనియను లెక్కలో దొరికింది. అందులో ఎవరి వంతు ఎంత? బ్యాంకు ద్వారా బిల్లు తీసుకొన్నవారిది తేలింది. నగదు తీసుకొనేవారి చెల్లింపు పట్టీలు కొన్ని నెలలవి ముద్రించనే లేదు, కంప్యూటరులోనే ఉండిపోయాయి. వారి వద్దనున్న చీటీలు, పాసు పుస్తకాలు తెప్పించి ఆరు వారాలు కూర్చున్నాము. చీటీలు దాచుకోని వారిది తేలలేదు. వారందరూ ఒకటి రెండు గేదెల మీద బ్రతికేవారే. ఒక పెద్దావిడ కార్యదర్శిని అడిగింది: "చీటీలు వానకు తడిసిపోయినాయి నాయనా. రెండు పూటలా పాలు పోసింది నువ్వెరగవా?" ఆయన ఎరుగును. కాని ఎరుగుట వేరు, లెక్క చూపుట వేరు. పాలకవర్గం సగటు కట్టి ఇచ్చింది. ఆమెకు రావలసినది అంతేనా అన్నది ఈనాటికీ ఎవరూ చెప్పలేరు.

తప్పు కార్యదర్శిదని తేల్చడం సులభం. ఆ పెన్ డ్రైవు తెరిచి చూడకుండా సంతకం చేసినది మాత్రం మేము.

పెద్ద సంస్థలకూ తప్పలేదు

ఇది చదువు తక్కువ వల్ల జరిగినదనుకోరాదు. గిట్‌ల్యాబ్ అనేది కంప్యూటరు నిపుణులకే సేవలందించే సంస్థ. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు ఒక సర్వరు బదులు మరొక సర్వరులోని లెక్కలు చెరిపివేశారు. నకలు తీయడానికి ఆ సంస్థ ఐదు విధాల ఏర్పాట్లు చేసుకొన్నది. అవసరమైననాడు వాటిలో ఒక్కటీ సరిగా ఆదుకోలేదు. నకలు విఫలమైనదని తెలిపే ఈ-మెయిళ్ళు కూడా సిబ్బందికి చేరడం లేదని అప్పుడే తెలిసింది. మరొక పని కోసం సుమారు 6 గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. ఈ సంగతులన్నీ ఆ సంస్థ తానే బహిరంగంగా ప్రకటించింది.

ముందుగా తేల్చుకోవలసిన రెండు ప్రశ్నలు

మొదటిది: ఎన్ని పూటల లెక్క పోయినా తట్టుకోగలము? వారానికొకసారి నకలు తీసే సంఘంలో 14 పూటల లెక్క పోవచ్చు. 120 మంది సభ్యులుంటే అది 1,680 పద్దులు. రోజుకొకసారి తీస్తే పోయేది రెండు పూటలు. పూట పూటకూ తీస్తే ఒక్క పూట. ఆ ఒక్క పూటను సభ్యుల చీటీలతో తిరిగి వ్రాసుకోవచ్చు.

రెండవది: ఎంత సేపటిలో తిరిగి పని మొదలు కావాలి? పాలు ఆగవు. తెల్లవారేసరికి క్యాన్లతో సభ్యులు వాకిట నిలబడతారు. కనుక కంప్యూటరు లేకుండా సేకరణ జరిపే ఏర్పాటు ముందు ఉండాలి. గీతలు గీసిన చేతి రిజిష్టరు, ముద్రించిన రేటు పట్టిక, చీటీల పుస్తకం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవలెను. రేటు మారినప్పుడల్లా పాత పట్టిక తీసి కొత్తది పెట్టవలెను. చేతితో వ్రాసినది తరువాత కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు.

ఎన్ని నకళ్ళు, ఎక్కడ?

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. నిపుణులు చెప్పే సూత్రం ఇదే. కంప్యూటరులో ఉన్నది ఒకటి. బయట తగిలించే డిస్కు మీద రెండవది. యూనియను కార్యాలయంలోనో, క్లౌడు అనే దూరపు సర్వరులోనో మూడవది. మన ఇండ్లలో ఆడవారికి ఇది కొత్త సంగతి కాదు. పెరుగు పాడైననాడు తోడుకు పక్కింటికి వెళతారు గాని, పాడైన గిన్నెలోనే వెదకరు గదా.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సంస్థ సర్వర్ల భవనం తగలబడింది. అసలు, నకలు రెండూ అక్కడే ఉంచుకొన్న కొందరు రెండూ పోగొట్టుకొన్నారు. మన దగ్గర 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ పేటలను ముంచినప్పుడు క్రింది అంతస్తులు నీట మునిగాయి. డిస్కును క్రింది అరలో ఉంచేవారు దీనిని గుర్తుంచుకోవలెను. అలాగని క్లౌడు ఒక్కటే నమ్ముకోరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకిన తరువాత కరెంటు, టెలిఫోన్లు రోజుల తరబడి లేవు. అటువంటప్పుడు దగ్గర ఉన్న డిస్కే ఆదుకొంటుంది.

నకలు తీసిన వెంటనే డిస్కును కంప్యూటరు నుండి విడదీయవలెను. లెక్కలకు తాళం వేసి డబ్బు అడిగే దొంగ ప్రోగ్రాములు తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం వేస్తాయి. 2024 జూలై చివరలో సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద ఇటువంటి దాడి జరిగి, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపు సేవలు తాత్కాలికంగా నిలిచిపోయాయి.

నిన్నటి నకలు ఒక్కటే ఉంచుకోవడం కూడా చాలదు. పది రోజుల క్రితం తప్పు దొర్లితే నిన్నటి నకలులోనూ ఆ తప్పే ఉంటుంది. వారం రోజులవి విడివిడిగా, బిల్లు ముగిసిన ప్రతిసారీ ఒకటి, నెలకొకటి ఉంచవలెను. సంవత్సరాంతపు నకలును ఆడిట్ ముగిసినా పారవేయరాదు.

యూనియను సర్వరు విషయం

యూనియనులో పాల సేకరణ, చెల్లింపులు, ట్యాంకర్లు, దాణా అమ్మకాలు, జీతాలు అన్నీ సర్వరు మీదనే నడుస్తాయి. అది ఆగితే అన్నింటినీ ఒకేసారి లేపడం సాధ్యం కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను ముందే పాలకవర్గం తీర్మానించవలెను. మా అభిప్రాయంలో సేకరణ, ట్యాంకర్లు మొదట, సభ్యుల చెల్లింపులు తరువాత, మిగిలినవి ఆ పిమ్మట. ఎవరు ఏ పని చేయవలెనో, ఎవరికి ఫోను చేయవలెనో కాగితం మీద వ్రాసి ఉంచవలెను. ఆ కాగితం సర్వరులోనే ఉంటే సర్వరుతోపాటే పోతుంది.

కార్యదర్శులకు మనవి

1. నకలును ప్రోగ్రాంలోనే ఉన్న బ్యాకప్ ఏర్పాటు ద్వారా తీయండి. తెర మీది బొమ్మను కాపీ చేయవద్దు. ప్రోగ్రాం నడుస్తుండగా ఫైళ్ళను చేతితో కాపీ చేసినా నకలు చెడవచ్చు.

2. తీసిన నకలు పరిమాణం చూడండి. నెలలు గడిచినా అది పెరగకపోతే అనుమానించండి.

3. మూడు నెలలకొకసారి ఆ నకలును వేరొక కంప్యూటరులో ఎక్కించి, ఏవైనా ఐదుగురు సభ్యుల లెక్కను వారి చీటీలతో సరిచూడండి. ఎంత సేపు పట్టిందో వ్రాసుకోండి.

4. ప్రోగ్రాం తాళం, పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో అధ్యక్షుల వద్ద ఉంచండి.

5. నకలులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి. దానిని కూడా నగదు పెట్టె వలెనే కాపాడండి.

6. ప్రతి బిల్లుకూ చెల్లింపు పట్టీ ముద్రించి సంతకాలు తీసుకోండి. చీటీలు దాచుకొమ్మని సభ్యులకు చెప్పండి.

ఇక మా వంతు. ఇప్పుడు తనిఖీకి వచ్చినప్పుడు మేము పెన్ డ్రైవు చూచి సంతకం పెట్టడం లేదు. మా ఎదుటనే నకలును వేరే కంప్యూటరులో తెరిపించి, ఒక సభ్యుని ఖాతా చూపమంటున్నాము. దీనికి గంట పట్టవచ్చు. కార్యదర్శులు విసుగుకొనవద్దని కోరుతున్నాము. ఆ గంట ఆనాడు మేము వెచ్చించి ఉంటే, ఆ పెద్దావిడకు సగటు కట్టవలసిన అవసరం వచ్చేది కాదు.