తారు రోడ్డుకు గ్యారంటీ

గోడ గడియారం కొంటే గ్యారంటీ కాగితం అడిగి మరీ పుచ్చుకుంటాం. ప్రెషర్ కుక్కరుకూ అంతే. మరి కోట్లు పోసి వేయించే తారు రోడ్డుకు అలాంటి కాగితం అక్కరలేదా? ఉంటే రోడ్డు ఎక్కువకాలం మన్నుతుందా, లేక ఖర్చు మాత్రమే పెరుగుతుందా? ఇది మన పన్నుల డబ్బు సంగతి గనుక కాస్త తీరిగ్గా ఆలోచిద్దాం.

తారు రోడ్డుకు పెద్ద శత్రువు నీరు. వేడి వేడి తారు కంకరను పరచి, రోలరుతో చాలినంతగా తొక్కించకపోతే లోపల సన్నని ఖాళీలు మిగిలిపోతాయి. అవి 7 శాతం దాటాక, పెరిగే ఒక్కొక్క శాతానికీ రోడ్డు ఆయుష్షులో సుమారు పదోవంతు తరిగిపోతుందని ఇంజనీర్ల లెక్క. చిత్రమేమంటే, వేసిన నాడు మంచి రోడ్డూ చెడ్డ రోడ్డూ ఒక్కలాగే నిగనిగలాడతాయి. తేడా బయటపడేది రెండు వానాకాలాలు గడిచాక. అప్పటికి బిల్లు చెల్లిపోయి ఉంటుంది. గ్యారంటీ అవసరం ఇక్కడే.

మన దేశంలో 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కంట్రాక్టరే ఐదేళ్లపాటు దాని బాగోగులు చూడాలి. ఏటేటి మరమ్మతుల ధర టెండరులోనే చేరి ఉంటుంది. అనగా గ్యారంటీ ఉచితం కాదు సుమా! జాగ్రత్తకు కంట్రాక్టరు కొంత కలుపుకునే టెండరు వేస్తాడు.

అయినా గిట్టుబాటవుతుందా? అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1995లో ఐదేళ్ల గ్యారంటీతో తారు రోడ్లు వేయించడం ఆరంభించింది. 2001లో లెక్క చూసుకుంటే అవి మామూలు రోడ్లకన్నా బాగా నిలిచాయి, ఖర్చేమీ పెరగలేదు. ఊరికే కాగితం రాసుకున్నందువల్ల కాదు. తారు, కంకర పాళ్లు నిర్ణయించే స్వేచ్ఛ కంట్రాక్టరుకు ఇచ్చారు. ఏ పగులు ఎంతవరకు సహించవచ్చో ముందే అంకెల్లో రాసుకున్నారు. ఏటా వెళ్లి కొలిచారు.

ఈ కొలతే ప్రాణం. ఆ మధ్య మా వీధిలో కొత్త తారు వాసన పోకముందే మంచినీటి గొట్టంకోసం అడ్డంగా తవ్వారు. ఆ గుంటకు కంట్రాక్టరును బాధ్యుణ్ణి చేయడం న్యాయమా? మోయలేని బరువుతో తిరిగే లారీలు కుంగదీసిన రోడ్డు మాటేమిటి? ఎవరి తప్పు ఎంతో తేల్చే మార్గం లేకపోతే గ్యారంటీ కోర్టు కాగితంగా మారుతుంది. గుంట గుంటగానే ఉంటుంది.

నా మట్టుకు నాకు గ్యారంటీ ఉండవలసిందే అనిపిస్తుంది. కాని అది తనంతట తాను రోడ్డును కాపాడదు. గడువులోగా అడిగేవాళ్లు కావాలి. గ్రామ సడక్ రోడ్లమీద ఫిర్యాదు పంపడానికి 2015లో ‘మేరీ సడక్’ అనే యాప్ పెట్టారు. గుంటను ఫోటో తీసి పంపితే చాలు. మీ ఊరి రోడ్డుకు ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో కనుక్కోండి. కుక్కరు గ్యారంటీ తేదీని గుర్తుంచుకునే ఇల్లాలికి ఇదొక లెక్కా!