తలుపు వేసుకుని మాట్లాడండి

క్రిందటేడు ఒకావిడ తలనొప్పితో మా ఆస్పత్రికి వచ్చింది. వయసు ముప్ఫై నాలుగు. ఆరు నెలలుగా రోజూ సాయంత్రమయ్యేసరికి తల పట్టేస్తోందట. రక్తపోటు చూశాను. కళ్ళు పరీక్ష చేయించాను. రక్తహీనత, థైరాయిడ్, షుగరు ఉన్నాయేమోనని చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. చీటీ రాస్తూ, "ఇంట్లో అంతా బాగున్నారా అమ్మా?" అని అడిగాను. ఆవిడ కాసేపు తల వంచుకుని కూర్చుంది.

"మూడు నెలలుగా మేమిద్దరం మాట్లాడుకోవటం లేదు డాక్టరుగారూ. ఏం కావాలన్నా పిల్లవాడి చేత చెప్పిస్తాం" అంది.

ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్ళు.

మా ఊళ్ళో మానసిక వైద్యుడు లేడు. పక్క పట్నానికి వెళ్ళమంటే, "అక్కడ మావాళ్ళెవరైనా చూస్తే?" అని భయపడింది. ఇంట్లో కూర్చుని వీడియో కాల్‌లో కూడా ఈ చికిత్స చేయించుకోవచ్చునని చెప్పాను. "ఫోనులో మాట్లాడితే రోగం తగ్గుతుందా?" అని అడిగింది. ఈ సందేహం చాలామందికి ఉంటుంది.

మాటలు మందవుతాయా?

అవుతాయి. అయితే ఆ మాటలు పక్కింటివారి ఓదార్పు వంటివి కావు. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు దిగులుతో బాధపడేవారిని పరిశీలించి ఒక సంగతి గమనించాడు. "నేను దేనికీ పనికిరాను", "ఇక నా బతుకింతే" అనే ఆలోచనలు వారికి వాటంతటవే వచ్చి, ఉన్న దిగులును ఇంకా పెంచుతున్నాయి. ఆ ఆలోచన ఎంతవరకు నిజమో రోగి తనే పరీక్షించుకునేలా నేర్పితే దిగులు తగ్గుతుంది. ఇప్పుడు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటున్న చికిత్సకు ఇదే పునాది. దిగులు, ఆందోళనలకు ఈ చికిత్సను ఎదురుగా కూర్చోబెట్టి చేసినా, వీడియోలో చేసినా ఫలితం దాదాపు ఒకేలా ఉంటుందని అనేక పరిశోధనలు చూపాయి.

మన దేశంలో దూరం నుంచి వైద్యం చేసే డాక్టర్లకు 2020 మార్చిలో నిబంధనలు వచ్చాయి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడవచ్చు. ఎక్కడ మొదలు పెట్టాలో తెలియనివారు ముందు ఈ నంబరుకు చేయటం మంచిది.

అయితే దానికంటే ముందు ఒకసారి దగ్గరలో ఉన్న డాక్టరుకు ఒళ్ళు చూపించుకోండి. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా నీరసం, నిరుత్సాహం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవటం ఉంటాయి. అలాంటివి మాటలతో తగ్గవు.

ఎవరితో మాట్లాడాలి?

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందులు రాయగలడు. అయినా కొన్ని మందులను దూరం నుంచి రాయటానికి నిబంధనలు ఒప్పుకోవు. వాటి కోసం స్వయంగా వెళ్ళవలసిందే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఇక కౌన్సిలర్ అన్న పేరు చూసి మోసపోకండి. వారిలో బాగా చదివినవారూ ఉన్నారు, నాలుగు రోజుల తరగతులకు వెళ్ళి బోర్డు కట్టినవారూ ఉన్నారు.

కాబట్టి డబ్బు కట్టకముందే అడగండి: ఏం చదివారు? నమోదు నంబరు ఎంత? నాలాంటి సమస్యలు చూశారా? ఒక్కసారికి ఎంత తీసుకుంటారు? మన మాటలు రికార్డు చేస్తారా? ఇలా అడగటం అమర్యాద కాదు. మంచివారెవరూ నొచ్చుకోరు. "మూడుసార్లలో పూర్తిగా నయం చేస్తాను" అనేవారి జోలికి మాత్రం పోవద్దు.

మొదటి రోజు

మా తలనొప్పి ఆవిడ మొదటిసారి మాట్లాడి వచ్చి, "ఏమీ లాభం లేదండీ" అంది. ఏం మాట్లాడావమ్మా అంటే, అడిగినవాటన్నిటికీ "బాగానే ఉందండీ" అని చెప్పిందట. ఎందుకంటే వాళ్ళ గదికి తలుపు లేదు, పరదా ఉంది. పరదాకు అవతల అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు.

ఈ చికిత్సకు మొదటి పరికరం ఫోను కాదు, తలుపు. మన ఇళ్ళలో అది దొరకటమే కష్టం. ఇంట్లో కుదరకపోతే అక్కగారింట్లోనో, ఎవరూ లేని వేళ మేడ మీదో కూర్చోండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అవతలివారి మాట బయటికి పోదు. గది బయట రేడియోనో, టీవీనో పెడితే మీ మాట కూడా వినపడదు. ఆటోలో వెళుతూ, వంట చేస్తూ మాట్లాడవద్దు. ఫోనును చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించి పెట్టండి. ముఖం కనిపించాలి. నోరు చెప్పనిది కళ్ళు చెబుతాయి.

ముందురోజు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: నన్ను బాధపెడుతున్నది ఏమిటి, ఎప్పటి నుంచి, ఏది మారితే నాకు బాగుంటుంది. వాడుతున్న మందుల పేర్లు కూడా రాయండి. మీరున్న చిరునామా, దగ్గరలో ఉన్న ఒక ఆత్మీయుల ఫోను నంబరు అవతలివారికి ఇవ్వండి. ప్రమాదం వచ్చినప్పుడు సాయం పంపటానికి అవి కావాలి.

ఒక్కో విడత సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట. మొదటిరోజే ఉపాయం చెబుతారని ఆశించకండి. వారానికి ఒకసారి చొప్పున ఆరు నుంచి ఇరవై విడతల దాకా పట్టవచ్చు. నాలుగుసార్లయినా మనసు విప్పలేకపోతుంటే ఆ మాటే వారితో చెప్పండి. అప్పటికీ కుదరకపోతే మరొకరిని చూసుకోవచ్చు.

మీరు చెప్పినది రహస్యంగా ఉంచటం వారి విధి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగికి ఈ హక్కు ఇచ్చింది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు మాత్రం దీనికి మినహాయింపు ఉంది.

ఇద్దరూ కలిసి మాట్లాడేటప్పుడు

భార్యాభర్తల కౌన్సిలింగ్ పెద్దమనుషుల పంచాయితీ కాదు. తప్పెవరిదో తేల్చరు. పోట్లాట ఎక్కడ మొదలవుతుంది, ఎవరి ఏ మాటకు ఎవరు మూగబోతారు, ఎవరు గొంతు పెంచుతారు అన్నది ఇద్దరికీ చూపిస్తారు. భర్త దుబాయిలో, భార్య కరీంనగర్‌లో ఉన్నా ముగ్గురూ ఒకే కాల్‌లో కలవవచ్చు. దూరంగా ఉండే దంపతులకు ఇది పెద్ద సౌకర్యం.

అత్తగారిని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. చాటుగా రికార్డు చేయవద్దు. విడిగా చెప్పిన రహస్యాన్ని రెండోవారికి చెబుతారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. కాల్ అయిపోగానే "నువ్వు అక్కడ అలా ఎందుకన్నావు?" అని మొదలు పెట్టవద్దు. భర్త రానంటే భార్య, భార్య రానంటే భర్త ఒక్కరే మొదలు పెట్టవచ్చు.

ఫోను చాలని సమయాలు

ఇంట్లో కొట్టటం, బెదిరించటం ఉంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సిలింగ్‌తో మొదలు పెట్టవద్దు. అక్కడ నిజం చెప్పినందుకు కాల్ అయ్యాక దెబ్బలు పడవచ్చు. ఆ స్త్రీ ముందు 181కి, ప్రమాదం మీద ఉంటే 112కి ఫోను చేయాలి.

చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా ఉండవద్దు. దగ్గరివారితో చెప్పండి, 14416కు వెంటనే చేయండి. ఆ పని చేయటానికి సిద్ధమవుతున్న మనిషిని ఇంట్లోవారు ఆస్పత్రికి తీసుకుపోవాలి. లేని మాటలు వినపడేవారిని, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా తిరిగేవారిని, తాగుడు మానగానే వణుకు, కలవరింతలు వచ్చినవారిని కూడా ఆస్పత్రిలోనే చూపించాలి. విశాఖపట్నంలోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

మా తలనొప్పి ఆవిడ రెండోసారి చెల్లెలి ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడింది. మొదటి పది నిమిషాలు ఏడుపేనట. అయిదో వారానికి భర్త కూడా వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ తగాదాలన్నీ తీరిపోయాయని చెప్పను. అప్పు అలాగే ఉంది, ఆయన బదిలీ రద్దు కాలేదు. తలనొప్పి మాత్రం రోజూ వచ్చేది నెలకు రెండుసార్లకు దిగింది. మొన్న పిల్లవాడికి జ్వరమని ఇద్దరూ కలిసి వచ్చారు. మందు ఎన్నిసార్లు వేయాలో నేను చెబుతుంటే ఆవిడ భర్త వైపు తిరిగి, "రాత్రి మోతాదు మీరు వేయండి, నాకు నిద్ర పట్టేస్తుంది" అంది.

పిల్లవాడు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాడు. ఆ మాట మోసే పని వాడికి తప్పింది.