ఉప్పులోంచి ఎగిరొచ్చే యురేనియం

తమిళనాడులోని ధర్మపురి పల్లెల్లో ఫ్లోరైడ్ అనగానే గారపట్టిన పళ్లు, వంకరపోయిన కాళ్లు గుర్తొస్తాయి. బోరునీళ్లు తెచ్చిన ఆ బాధ తీర్చడానికే హొగెనక్కల్ దగ్గరి కావేరి నీళ్లు అందించే పథకం 2013లో మొదలైంది. నల్లగొండ వాళ్లకు ఈ కష్టం విడిగా చెప్పనక్కర్లేదు. ఎముకను పట్టుకుంటే ఫ్లోరైడ్ ఒక పట్టాన వదలదు. ఫ్లోరిన్‌కున్న ఆ పట్టునే అణుశాస్త్రవేత్తలు మరో పనికి వాడుకున్నారు: రియాక్టరులో ఇంధనంగా వాడే కరిగిన ఉప్పులో కలిసిపోయిన యురేనియాన్ని తిరిగి బయటికి తీయడానికి.

ఈ ఉప్పు వంటింట్లోది కాదు. లిథియం, బెరిలియం, జిర్కోనియం ఫ్లోరైడ్ల మిశ్రమం. 450 డిగ్రీల వేడిలో నీళ్లలా పారుతుంది. అందులో ఒక్కో యురేనియం పరమాణువుకు నాలుగు ఫ్లోరిన్లు తోడుంటాయి. నాలుగే ఉంటే దానికి ఇంకా చోటు మిగులుతుంది. చుట్టుపక్కల ఉన్న ఫ్లోరైడ్లను కూడా పట్టుకుని ఉప్పులోనే ఉండిపోతుంది. అడుగునుంచి ఫ్లోరిన్ వాయువును బుడగలుగా పంపితే మరో రెండు వచ్చి చేరతాయి. పైనా కిందా, నాలుగు పక్కలా ఫ్లోరిన్లే కప్పేశాక పక్కవాటిని గట్టిగా పట్టుకునే వీలు ఉండదు. యురేనియం హెక్సాఫ్లోరైడ్ ఆవిరై పైకి లేస్తుంది.

చల్లారితే అది తెల్లటి గడ్డ. దేవుడి గూట్లో మూత సరిగా పెట్టని డబ్బాలో కర్పూరం బిళ్లలు కరగకుండానే చిక్కిపోతాయి కదా, దీని తీరూ అదే. 56 డిగ్రీలు దాటాక ద్రవంగా మారకుండానే ఆవిరైపోతుంది.

యురేనియం చీలినప్పుడు పుట్టే సీజియం, స్ట్రాన్షియం లాంటివి ఎంత ఫ్లోరిన్ పంపినా ఎగరవు, ఉప్పులోనే ఉంటాయి. నియోబియం లాంటి కొన్ని మాత్రం యురేనియం వెంట వస్తాయి. అందుకని ఆవిరిని సోడియం ఫ్లోరైడ్ గుళికల మీదుగా పోనిస్తారు. 400 డిగ్రీల దగ్గర ఆ గుళికలు నియోబియాన్ని ఆపి యురేనియాన్ని వదిలేస్తాయి. 100 డిగ్రీల దగ్గర అవే గుళికలు యురేనియాన్ని పట్టి ఉంచుతాయి.

అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో 1968 ఆగస్టులో ఈ పని నిజంగా చేసి చూపించారు. ఆరు రోజుల వ్యవధిలో మొత్తం 47 గంటలు ఫ్లోరిన్ పంపి, రియాక్టరు ఉప్పులోంచి సుమారు 218 కిలోల యురేనియం తీశారు. అదే ఉప్పులో థోరియం నుంచి పుట్టే యురేనియం-233 వేసి, అక్టోబరులో రియాక్టరును మళ్లీ నడిపారు. ఆ ఇంధనంతో నడిచిన మొదటి రియాక్టరు అదే. మన కల్పాక్కంలో 1996లో మొదలైన 30 కిలోవాట్ల ‘కామిని’ రియాక్టరుది కూడా యురేనియం-233 ఇంధనమే, కాకపోతే లోహపు పలకల రూపంలో. తీరపు ఇసుకలో థోరియం ఉన్న దేశం కాబట్టి ఈ విద్య మనకు అక్కరకొచ్చేదే.

కానీ ఓక్‌రిడ్జ్ కథ అక్కడితో అయిపోలేదు. 1969లో రియాక్టరు ఆపి, ఉప్పును ట్యాంకుల్లో గడ్డకట్టనిచ్చారు. గడ్డలోని రేడియేషన్ ఏళ్ల తరబడి ఫ్లోరిన్‌ను విడదీస్తూనే పోయింది. 1994లో చూస్తే కొంత యురేనియం ఎవరూ పిలవకుండానే ఆవిరై, గొట్టాల వెంట పోయి బొగ్గు పొరలో చేరింది. మనుషులు కావాలని చేసిన పనినే ఉప్పు తనంతట తాను చేసుకుంది.

ఫ్లోరైడ్ నీళ్లను ఒక్కసారి శుద్ధి చేసి ఊరుకుంటే చాలదని, రోజూ కనిపెట్టుకునే ఉండాలని ధర్మపురికి అనుభవం మీద తెలుసు. ఈ ఉప్పుకూ అంతటి కాపలా కావాలి, రియాక్టరు ఆగిపోయాక కూడా.