పడినందుకా, పట్టుకున్నందుకా?

1973లో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121వ సంచికలో గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీని వంతెన మీంచి తోసేస్తాడు. ఆమె నీళ్లను తాకేలోపే స్పైడర్‌మ్యాన్ సాలెదారం విసిరి పట్టేస్తాడు. పైకి లాగి చూస్తే ప్రాణం లేదు. అభిమానులు ఏళ్ల తరబడి వాదులాడుకున్న ఈ చావు చివరికి ఫిజిక్స్ క్లాసుకెక్కింది.

అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ జేమ్స్ కకాలియోస్ 2001లో ఫస్టియర్ విద్యార్థులకు కామిక్స్‌తో ఓ కోర్సు మొదలుపెట్టారు. 2005లో ‘ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్’ పుస్తకం రాశారు. ఆయన లెక్కలో హీరోకి ఒక్క మహిమ మాత్రం మాఫీ. మిగతాదంతా న్యూటన్ చెప్పినట్టే నడవాలి.

గ్వెన్ 90 మీటర్లు పడిందనుకుందాం. గాలి నిరోధాన్ని పక్కనపెడితే అప్పటికి వేగం సెకనుకు 42 మీటర్లు, అంటే గంటకు 150 కిలోమీటర్లు. దారం ఆమెను అర సెకనులో ఆపితే, 50 కిలోల మనిషి మీద పడే బలం దాదాపు 480 కిలోల బరువుతో సమానం. మెడ ఏం తట్టుకుంటుంది! ఆగే సమయం పెరిగితే బలం తగ్గుతుంది. కార్లలో ఎయిర్‌బ్యాగ్ ఉన్నదీ, పర్వతారోహకుల తాడు సాగేదీ అందుకే.

అయితే ఈ లెక్కలో అసలు పాఠం ఫార్ములా కాదు. ఆ అర సెకను కామిక్‌లో ఎక్కడా లేదు. వంతెన సంగతీ అంతే: మాటల్లో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి, బొమ్మలో మాత్రం బ్రూక్లిన్ బ్రిడ్జిలా ఉంటుంది. ఒకదాని స్తంభాలు రెండోదానికంటే రెట్టింపు ఎత్తు. ఏది తీసుకోవాలో, ఎందుకో విద్యార్థే చెప్పుకోవాలి. ఈఏపీసెట్ కోచింగ్‌లో ‘ఇచ్చినవి’ అని రాసుకుని, నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం అలవాటైన మన పిల్లలకు ఇది కాస్త ఇబ్బందే. కానీ సైట్ మీదకెళ్లిన ఇంజినీరుకు డేటా మొత్తం ఎవరిస్తారు? ఈ లెక్క వేయించకుండా క్లాసులో సినిమా క్లిప్ వేసి నవ్వించి వదిలేస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు.

మన సరుకూ తక్కువేం కాదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022)లో హీరోల్లో ఒకరు గుర్రం మీద, ఒకరు బైకు మీద వచ్చి, వంతెన మీంచి ఒకే తాడుకు చెరో కొసా పట్టుకుని దూకుతారు. ఆ తాడు ఎంత బలం మోయాలి? పొడవు తెలియదే అని కంగారుపడనక్కర్లేదు. ఒక్కో హీరో తాడు అడ్డంగా బిగుతుగా ఉన్నచోట నిశ్చలంగా మొదలై ఊగాడనుకుంటే, అట్టడుగున తాడు మీద పడేది మనిషి బరువుకు మూడింతలు. పొడవు సమీకరణంలో రెండువైపులా వచ్చి కొట్టేసుకుపోతుంది.