ముక్కు ఆపరేషన్‌కి మాత్రలు ఎన్నాళ్ళు?

మైపాడు నుంచో, జువ్వలదిన్నె నుంచో నెల్లూరు వచ్చి ముక్కు దూలం వంకర సరిచేయించుకున్నారనుకోండి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నొప్పి మాత్రలు మాత్రమే రాశారు. "చీము పట్టకుండా యాంటీబయాటిక్ రాయలేదే, మరిచిపోయారేమో!" అని మీకు అనుమానం. మందుల షాపులో మీరే ఓ వారానికి సరిపడా కొనేద్దామనిపిస్తుంది. తొందరపడకండి.

ఆరోగ్యవంతుల ముక్కులోనూ క్రిములు ఎప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా తుడిచిపెట్టడం ఏ మందుకూ సాధ్యం కాదు. అయినా దూలం ఆపరేషన్ తర్వాత చీము పట్టడం అరుదు. ముక్కుకి రక్తప్రసరణ ఎక్కువ కనుక గాయం త్వరగా మానుతుంది.

మరి ముందుజాగ్రత్త మందు ఎప్పుడివ్వాలి? అవసరమనుకుంటే, కత్తి పడకముందే! 1961లో బర్క్ అనే అమెరికన్ సర్జన్ గినీ పందుల మీద ప్రయోగాలు చేశాడు. క్రిములు చేరేసరికే మందు ఒంట్లో ఉంటే బాగా పనిచేసింది. మూడు గంటలు ఆలస్యమైతే ఫలితం లేకపోయింది. తుపాను రాకముందే పడవను ఒడ్డుకు లాగి కట్టుకోవాలి గాని, వచ్చాక ఏం లాభం? అందుకే సాధారణంగా కోతకు ముందు గంటలోపు ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త కోసం యాంటీబయాటిక్ కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది.

"వేసుకుంటే పోయేదేముంది?" అంటారా? విరేచనాలు, దద్దుర్లు రావచ్చు. అంతకన్నా ముఖ్యం, మందుకు లొంగని మొండి క్రిములు పెరుగుతాయి. రేపు నిజంగా జబ్బు చేస్తే ఆ మందు పనిచేయదు.

అయితే అందరికీ ఒకే సూత్రం కాదు. షుగరు అదుపులో లేనివారికి, మళ్ళీ ఆపరేషన్ చేయించుకున్నవారికి, ముక్కులో గుడ్డ ఎక్కువ రోజులు ఉంచినవారికి డాక్టరు మాత్రలు రాయవచ్చు. ఎందుకో, ఎన్ని రోజులో అడిగి తెలుసుకుని, చెప్పినట్టే వాడండి. పెన్సిలిన్ పడకపోతే ఆపరేషన్‌కి ముందే చెప్పండి.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోమంటే కాచి చల్లార్చిన నీరే వాడండి. ఇంటి ముందే సముద్రముంది కదా అని ఆ నీళ్ళు తేవద్దు! డాక్టరు సరేననేదాకా సముద్రస్నానమూ, వేటా మానండి.

జ్వరం, ఒళ్ళంతా ఎర్రని దద్దుర్లు, వాంతులు, కళ్ళు తిరగడం, నొప్పి పెరుగుతూ రెండు ముక్కులూ మూసుకుపోవడం, చూపు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. అప్పుడు మీకు కావలసింది మాత్రల పొట్లం కాదు, డాక్టరు.