పానా కంటే ముందు తాళం

ఐటీఐ ఫలితాలు వచ్చిన తర్వాత కొన్ని వారాల పాటు మన ఓపీ వరండాలో జ్వరాల వారితో పాటు ఏ జబ్బూ లేని పిల్లలు కూడా కూర్చుంటారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, నాలుగు ఫోటోలు. "ఫిట్‌నెస్ రాయాలె సార్, కంపెనీల అడిగిన్రు" అంటారు. బీపీ, కళ్ళు, చెవులు, ఛాతీ చూసి సంతకం పెట్టి పంపితే మా పని అయిపోయినట్టే. కానీ ఆ పిల్లలు వెళ్ళే చోటు గురించి నాలుగు మాటలు చెప్పకుండా సంతకం పెట్టడం మాకు ఎప్పుడూ తృప్తిగా ఉండదు.

అలా వచ్చిన ఒక తండ్రీ కొడుకులు మాకు బాగా గుర్తున్నారు. అబ్బాయి ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్ళు చదివాడు. హైదరాబాదు శివారులో పాత సామాను రీసైక్లింగ్ చేసే ప్లాంటులో, మెయింటెనెన్స్ విభాగంలో అప్రెంటిస్‌గా చేరబోతున్నాడు. తండ్రి పాలమూరు లేబర్‌గా ఇరవై ఏళ్ళు డ్యాముల మీద, కాలువల మీద మట్టి మోసిన మనిషి. అబ్బాయికి బీపీ చూస్తుండగా ఆయన మెల్లగా అడిగాడు: "సారూ, గింత సదివిపిచ్చి చెత్త ఏరెటందుకు పంపుతున్ననా?"

అబ్బాయి తల దించుకున్నాడు. కాసేపాగి, "చెత్త ఏరుడు కాదు నాయినా, మిషన్లు బాగు చేసుడు" అన్నాడు.

"సరే, మరి పానానికి ఏం కాదు గదా?" అన్నాడు తండ్రి. ఈసారి మా వైపు చూసి.

మొదటి ప్రశ్నకు కొడుకే సరైన జవాబు చెప్పాడు. రెండో ప్రశ్నకు మేము ఆ రోజు చెప్పిందీ, హడావిడిలో చెప్పలేకపోయిందీ ఇక్కడ రాస్తున్నాము.

ఈ ప్లాంట్లు మన రెండు జిల్లాల వారికి దూరమైనవి కావు. నల్లగొండ నుంచి హైదరాబాదు వెళ్ళేవారు ఎల్.బి. నగర్ చేరితే అక్కడికి దగ్గరలోనే ఫతుల్లగూడ ఉంది. కూల్చిన ఇళ్ళ కాంక్రీటును, ఇటుకలను మళ్ళీ ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంటు అక్కడ 2021లో మొదలైంది. రోజుకు 500 టన్నులు దాని సామర్థ్యం. జీడిమెట్లలో అలాంటిదే ఇంకొకటి ఉంది. ఇటు మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పాత లిథియం బ్యాటరీల నుంచి విలువైన లోహాలను తిరిగి తీసే కంపెనీ కూడా ఆ పార్కులోనే చోటు తీసుకుంది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారుచేసిన కంపెనీలదే అని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ప్లాస్టిక్‌కు, ఎలక్ట్రానిక్ చెత్తకు కూడా అలాంటి నిబంధనలే ఉన్నాయి. కనుక ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివిన మన పిల్లలకు ఈ రంగంలో పని పెరుగుతుందే కాని తగ్గదని మా అంచనా.

ఇంతకూ లోపల ఏముంటుంది? లారీ తూకం అయ్యాక సరుకు తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి రబ్బరు బెల్టు మీద పోతుంది. పెద్ద జల్లెడ డ్రమ్ము మట్టిని రాల్చేస్తుంది. అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది. ష్రెడ్డర్ పళ్ళు సరుకును ముక్కలు చేస్తాయి. చివర బేలింగ్ ప్రెస్సు హైడ్రాలిక్ ఒత్తిడితో వాటిని కట్టలుగా అదుముతుంది. ఇతర ఫ్యాక్టరీల్లో యంత్రంలోకి వెళ్ళే సరుకు ఎప్పుడూ ఒకే రకం. ఇక్కడ అలా కాదు. ప్లాస్టిక్ కవర్ల మధ్య ఒక ఇనుప చువ్వ వస్తుంది, పాత చీర వచ్చి రోలరుకు చుట్టుకుంటుంది, మోటారు మూలుగుతుంది, లైను ఆగిపోతుంది. అప్పుడు కేక వేసేది మెయింటెనెన్స్ వాళ్ళనే.

మొదటి నెలల్లో అప్రెంటిస్‌కు పెద్ద పనులేమీ ఇవ్వరు. గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం, పక్కకు జరిగిన బెల్టును సరిచేయడం, బేరింగ్ వేడెక్కిందా అని చూడడం, సీనియర్‌కు పానాలు అందించడం. ఇవి చిన్న పనులే. కానీ ఒక్క సంగతి గమనించాలి. ప్లాంటులో మిగతా అందరికీ "యంత్రంలో చెయ్యి పెట్టవద్దు" అని చెబుతారు. యంత్రంలో చెయ్యి పెట్టడమే పనిగా ఉన్నవాడు మెయింటెనెన్స్ మనిషి ఒక్కడే. అతను లోపల ఉన్నాడని తెలియక ఇంకొకరు బటన్ నొక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

మన ఊళ్ళలో అందరికీ తెలిసిన విషయంతో పోల్చి చెబుతాము. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి ఎల్సీ తీసుకుంటాడు. తాను దిగి, తిరిగి ఫోను చేసేదాకా ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. ఎల్సీ లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసిన రైతులు ఏమయ్యారో ప్రతి మండలంలోనూ ఒక ఇంటి వారు చెప్పగలరు. ఫ్యాక్టరీలో ఎల్సీకి సమానమైనది తాళం. యంత్రం ఆపి, మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి సొంత తాళం వేసి, తాళంచెవి సొంత జేబులో పెట్టుకోవాలి. పేరు రాసిన అట్ట తగిలించాలి. నలుగురు కలిసి పని చేస్తే నాలుగు తాళాలు పడాలి. ఒకరి తాళం ఇంకొకరు తీయకూడదు, సూపర్‌వైజర్ తొందర పెట్టినా సరే.

తాళం వేసిన తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. కదలకపోతేనే అది నిజంగా ఆగినట్టు. వేరే స్విచ్‌కు తాళం వేసి, ఇదే అనుకుని లోపలికి దిగినవారు ఉన్నారు. ఇంకో సంగతి, కరెంటు తీసేసినంత మాత్రాన యంత్రంలో శక్తి అంతా పోదు. ష్రెడ్డర్ చక్రం కొంతసేపు దాని వేగం మీదే తిరుగుతుంది. ప్రెస్సులో ఆయిల్ ఒత్తిడి అలాగే ఉంటుంది. బిగుతుగా ఉన్న బెల్టు విప్పగానే వెనక్కి జారుతుంది. ఒత్తిడి వదిలేసి, జారేదానికి అడ్డు పెట్టి, తర్వాతే పానా పట్టాలి.

తిరిగే యంత్రాలకు కంచె ఉండాలని మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. ఈ తాళం పద్ధతిని అమెరికాలో 1989లో ప్రత్యేక నిబంధనగా తెచ్చారు. బ్రిటన్‌లో చెత్త, రీసైక్లింగ్ రంగంలో పని ప్రమాదాల మరణాల రేటు అన్ని రంగాల సగటు కంటే చాలా రెట్లు ఎక్కువని అక్కడి ప్రభుత్వ భద్రతా సంస్థే చెబుతోంది. డబ్బున్న దేశాల్లోనే అలా ఉంటే ఇక్కడ ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి. అందుకే ఆ అబ్బాయికి మేము ఒకటే చెప్పాము. చేరిన మొదటి రోజు "నా తాళం ఏది సార్?" అని అడుగు. నవ్వినా అడుగు.

మాకు ఇలా చెప్పే అలవాటు ఒక రోగి వల్ల వచ్చింది. కొన్నేళ్ళ క్రితం కన్వేయర్ రోలరులో రెండు వేళ్ళు పోగొట్టుకున్న యువకుణ్ణి తీసుకొచ్చారు. ఎక్కడ పని చేశాడన్నది ఇక్కడ అనవసరం. బెల్టు నడుస్తుండగానే గుడ్డతో రోలరు తుడిచాడు, గుడ్డతో పాటు చెయ్యి పోయింది. తోటివారు ప్రేమతోనే తెగిన వేళ్ళను నేరుగా ఐసు ముక్కల్లో వేసి తెచ్చారు. ఐసు నేరుగా తగిలితే కణజాలం చచ్చిపోతుంది. శుభ్రమైన గుడ్డను కొద్దిగా తడిపి, అందులో వేలిని చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్ళలో ఉంచాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చెయ్యి పైకెత్తి పట్టాలి. 108కి ఫోను చేయాలి. వేళ్ళు అతికించే శస్త్రచికిత్స హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల్లోనే సాధ్యం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దారి. ఆరు గంటల లోపు చేరితే ఆశ ఎక్కువ. కనుక మధ్యలో ఎక్కడా ఆలస్యం చేయవద్దు.

చేతి కడియం, ఉంగరం, మణికట్టు దారం, మెడలో గొలుసు, కండువా ఇవన్నీ పనికి ముందు తీసేయాలి. సిలువ గొలుసు అయినా సరే. దేవుడు దాన్ని డ్యూటీ అయ్యేదాకా లాకరులో ఉంచినందుకు ఏమీ అనుకోడు.

ఇక దుమ్ము సంగతి. యంత్రం గాయం ఒక్క క్షణంలో కనబడుతుంది. దుమ్ము సంవత్సరాల తర్వాత కనబడుతుంది. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు, పైగా క్షయ తొందరగా పట్టుకుంటుంది. ముక్కుకు కట్టిన దస్తీ ఆ సన్నని పొడిని ఆపలేదు. ముఖానికి గట్టిగా అంటుకునే ఎన్‌-95 లాంటి మాస్కు అడగండి, నీళ్ళు చల్లే ఏర్పాటు ఉందేమో చూడండి.

పాత ఇన్వర్టర్, ఆటో బ్యాటరీలు కరిగించే చోట సీసం ఉంటుంది. సీసానికి ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కడుపు నొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తహీనత, చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోవడం దాని లక్షణాలు. మేము ఎక్కువగా భయపడేది పని చేసేవాడి గురించి కాదు, అతని ఇంట్లో పాకే బిడ్డ గురించి. నోట్లోకి పోయిన సీసాన్ని చిన్న పిల్లల శరీరం పెద్దవారి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నాన్న డ్యూటీ బట్టలతో ఇంటికొచ్చి బిడ్డను ఎత్తుకుంటే చాలు. కాబట్టి ప్లాంటులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బూట్లు అక్కడే వదిలి రావాలి. డ్యూటీ బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. అన్నం తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. బీడీ, గుట్కా పని చోట ముట్టకూడదు. అసలు ఎక్కడా ముట్టకపోతే ఇంకా మంచిది. సీసం పని చేసేవారు రక్తంలో సీసం పరీక్ష ఎప్పుడెప్పుడు చేస్తారో కంపెనీని అడగాలి.

శబ్దానికి మాకు తెలిసిన సులువైన కొలత ఒకటుంది. చేతి దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే చెవి ప్లగ్గులు కావాలి. ఎండాకాలం రేకుల షెడ్డు కింద ఉదయం అంబలి తాగి వెళ్ళడం మంచిదే, కానీ గంట గంటకూ నీళ్ళు తాగాలి. ఆ నీళ్ళు ఎక్కడివో కూడా అడగండి. మన నల్లగొండ వారికి ఫ్లోరైడు గురించి మేము చెప్పేదేముంది, పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టింది. ఏ ప్లాంటులోనైనా పరీక్ష చేయని బోరు నీళ్ళే తాగిస్తుంటే ఇంటి నుంచి మంచి నీళ్ళ సీసా తీసుకెళ్ళండి.

ఫిట్‌నెస్‌కు వచ్చేటప్పుడు టీకా కార్డు ఉంటే తెచ్చుకోండి. తుప్పు ఇనుముతో గాయాలు తప్పవు కనుక ధనుర్వాతం టీడీ టీకా వేయించుకున్నారో లేదో చూస్తాము. చెత్తలో సూదులు కూడా వస్తాయి కనుక హెపటైటిస్-బి టీకా తీసుకోనివారికి మూడు డోసులు వేస్తాము: మొదటిది ఆ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు.

కాగితాల గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తగిలాక కాగితం వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలను చూశాము. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరితే ఒప్పందం రాసి ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. నోటి మాట మీద "ట్రైనింగ్" అని పెట్టుకుంటే అది అప్రెంటిస్‌షిప్ కాదు. ప్రమాదకరమైన పరిశ్రమల్లో 18 ఏళ్ళు నిండకుండా చేర్చుకోకూడదు. ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలని 2019లో నిర్ణయించారు, దాన్ని పెంచాలని 2025లో సిఫారసు కూడా అయింది. చేరే రోజున ఎంత ఉందో అడగండి. ఈ చట్టం కింద అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు. అందువల్ల ఈఎస్ఐ కార్డు రాదు. కానీ భద్రతా నిబంధనలు అతనికీ వర్తిస్తాయి, పనిలో గాయమైతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు, ఆ ఆశ పెట్టుకుని మోసపోవద్దు. పరీక్ష పాసైతే వచ్చే జాతీయ సర్టిఫికెట్ వేరే చోట పనికొస్తుంది.

ఆ అబ్బాయి జనవరిలో మూడో డోసు కోసం తండ్రితో పాటే వచ్చాడు. కొంచెం నల్లబడ్డాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు అలాగే ఉంది. మెడలో గొలుసు లేదు. జేబులోంచి ఎర్ర పట్టీ ఉన్న తాళంచెవి తీసి మాకు చూపించాడు. తాళాలు సరిపోక మొదటి మూడు వారాలు సీనియర్ తాళం మీదే పని చేశాడట, నాలుగో వారం అడిగి తెప్పించుకున్నాడట.

"గీ తాళం నువ్వు తప్ప ఇంకెవరు తియ్యరా?" అని తండ్రి అడిగాడు.

"ఎవరు తియ్యరు నాయినా. నేనే పెడత, నేనే తీస్త."

ఆయన ఆ తాళంచెవిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, ఎన్నాళ్ళ నుంచో వంగని తన మెడ, పట్టేసిన నడుము గురించి మొదటిసారి అడిగాడు. అదే రోజు ఎక్స్‌రే తీయించాము.