నలందయందు శబ్దవిద్యాస్థానము

క్రీ. శ. 7వ శతాబ్దమున నలందామహావిహారమునఁ జదివిన చీనాయాత్రికులలో హ్యూన్‌త్సాంగును, ఇత్సింగును ముఖ్యులు. అచ్చట బౌద్ధసిద్ధాంతములే కాక వేదములు, సాంఖ్యము, హేతువిద్య, చికిత్సావిద్య, శబ్దవిద్య గూడ అధ్యయనవిషయములై యుండెను. వాదార్థమై వచ్చినవారిలో పదింట నేడెనిమిదిమంది ద్వారపండితుని ప్రశ్నలకే నిలువలేక మరలిపోవుచుండిరని హ్యూన్‌త్సాంగు వ్రాసినాఁడు.

అట్టి ప్రశ్నలకు నిలుచుటకుఁ బునాది యెట్టిదో ఇత్సింగు తెల్పిన పాఠక్రమమువలన నెఱుఁగనగును. 6వ యేట వర్ణపరిచయము. 8వ యేట పాణినీయసూత్రములు, అవియు 8 నెలలలో. 10వ యేటినుండి 3 ఏండ్లు ఖిలములు. 15వ యేటినుండి 5 ఏండ్లు జయాదిత్యుని వృత్తి. ఇది కాశికయే యని పెక్కుర నిర్ణయము. పిమ్మట హేతువిద్య, అభిధర్మకోశము. ఆపైని నలందలోఁ గాని వలభిలోఁ గాని రెండు మూఁడేండ్లు వాదాభ్యాసము.

ఇంతమాత్రమున వ్యాకరణము తక్కిన శాస్త్రములకు వాకిలి యని మాత్రమే తలఁచుట యుక్తము కాదు. ప్రౌఢులకు మహాభాష్యము 3 ఏండ్లపాఠము. అటుపై భర్తృహరి వాక్యపదీయము. ఇచ్చట విచారణ సాధుశబ్దములఁ గూర్చి కాదు, శబ్దార్థసంబంధమును గూర్చి. దిఙ్నాగుని అపోహవాదమును శబ్దార్థవిచారమే కదా! తార్కికుఁడును వైయాకరణుఁడును ఒకరిపాఠమును ఒకరు విడువఁజాలని స్థాన మిదియే.

భర్తృహరి తనకు 40 ఏండ్లకు ముందు మృతుఁడయ్యె నన్న ఇత్సింగు మాట మాత్రము నిలువదు. దిఙ్నాగుఁడే వాక్యపదీయకారికల నెత్తుకొనుటచే నాతఁడు 5వ శతాబ్దమువాఁ డని నేఁటి పండితులు తలంచుచున్నారు.